ఒక్కరు ఎత్తగల మిషను

"ఈ కుర్చీకి ఆటలమ్మ పోసిందర్రా!" అని మోగెన్స్ అన్న మాట దగ్గర కదా కిందటి వారం తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాం. మళ్ళీ తలుపు తోసేముందు లోపల ఎవరెవరున్నారో ఒకసారి తలుచుకుందాం. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళూ మనవాళ్ళేగా.

ఫోబోర్ ఊరు దాటి రేవు వైపు దిగే దారిలో తోర్కిల్ పెట్టిన కుర్చీల కార్ఖానా. తోర్కిల్ పోయాక కూతురు వీబెకె నడుపుతోంది. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతుక్కునే రకం. మోగెన్స్ కుర్చీల కాళ్ళూ, వీపు కమ్ములూ తరిణె పడతాడు, అంటే చెక్కని మిషను మీద గుండ్రంగా తిప్పుతూ చెక్కుతాడు. చెక్కని నున్నగా తిప్పగలడు గానీ మాటని నున్నగా తిప్పడం రాదు. మూడో మనిషి రాగ్నిల్, తోర్కిల్ చెల్లెలు, వీబెకెకి మేనత్త. ఆ కార్ఖానాలో పుట్టిన ప్రతి కుర్చీకీ సబ్బు పెట్టేది ఆవిడే. సబ్బు తురుము వేడినీళ్ళలో కలిపి, అది జావలా చిక్కబడ్డాక, గుడ్డతో తీసి తెల్లటి చెక్కకి పట్టించాలి. ఆరాక రుద్దాలి, మళ్ళీ పట్టించాలి. నూనె లేదు, రంగు లేదు. చెక్క పాలలా తెల్లగా ఉంటుంది, చెయ్యి వేస్తే పట్టుబట్ట మీద వేసినట్టుంటుంది.

అంత అందమూ ఊరికే నిలవదు. ఆరునెలలకోసారి మళ్ళీ సబ్బు పెట్టుకోవాలి. కొండ మీది పరీక్షల్లేని బడి, అదే, పెద్దవాళ్ళు వచ్చి ఉండి పాటలూ కుండలూ నేర్చుకునే బడి, భోజనాల గదికి అరవై కుర్చీలు చెప్పింది. "సబ్బు వద్దమ్మా, మావాళ్ళు బీట్‌రూట్ ఒలకబోస్తారు, తడిగుడ్డతో తుడిస్తే పోయే వార్నిష్ కావాలి" అని బడి పెద్దావిడ ఖచ్చితంగా చెప్పింది. ఆగస్టులో బడి తెరిచేసరికి కుర్చీలు అక్కడుండాలి. లేదంటే అటు జట్లాండ్‌లో ఉన్న ఫ్యాక్టరీకి చెప్పేస్తుంది. ఆ అరవై చేజారితే చలికాలానికి మోగెన్స్‌కి పని చూపించలేనని వీబెకెకి తెలుసు. మోగెన్స్‌కీ తెలుసు. ఆ సంగతి ఇద్దరూ పైకి అనుకోలేదు, అంతే.

కుర్చీకి బ్రష్షుతో వార్నిష్ వేస్తే కమ్ముల మధ్య కన్నీళ్ళు కారినట్టు కారుతుంది. కాబట్టి స్ప్రే కొనాలి. ఏ స్ప్రే? మోగెన్స్ పెద్దదంటాడు, వీబెకె చిన్నది చాలంటుంది. ఆ తగువు తేల్చడానికి గురువారం నాడు రెండు కుర్చీలు పెట్టి పందెం కట్టారు. ఓడెన్స్ నుంచి ఎస్బెన్ అని మిషన్లు అమ్మే అతను వ్యాన్ నిండా కంప్రెసర్ వేసుకొచ్చి ఒక కుర్చీకి కొట్టి చూపించాడు. రెండో కుర్చీకి వీబెకె తనే కొట్టింది. పడవలు కట్టే ఆస్లౌ అనే స్నేహితురాలి దగ్గర అరువు తెచ్చిన చిన్న టర్బైను మిషనుతో. సాయంత్రానికి ఎస్బెన్ కుర్చీ అద్దంలా మెరిసింది. వీబెకె కుర్చీ ఒళ్ళంతా గుంటలు పడింది. అక్కడే మోగెన్స్ ఆ మాట అన్నాడు.

ఇప్పుడు తలుపు తోయండి. శుక్రవారం పొద్దున. లోపల రొట్టెల వాసన.

శుక్రవారం పొద్దున ఆ కార్ఖానాలో ఎవరూ పనిముట్టు పట్టరు. వంతు ఎవరిదైతే వాళ్ళు బేకరీ నుంచి గసగసాల రొట్టెలు తెస్తారు, బల్ల మీద జున్ను, రాగ్నిల్ వండిన రుబార్బ్ జాము, ఫ్లాస్కులో కాఫీ. తోర్కిల్ బతికున్న రోజుల్నుంచీ ఒక కట్టుబాటు కూడా ఉంది. ఒక్క మనిషి ఎత్తలేని మిషను ఏది కొన్నా సరే, శుక్రవారం రొట్టె దగ్గర అందరూ చేతులెత్తాలి. ఎవరి చెయ్యయినా ఒకటే చెయ్యి, యజమానిదైనా సరే. రంపం మిషను అలాగే వచ్చింది, పాత లారీ అలాగే పోయింది.

"పది గంటలకి కాగితాలు పట్టుకుని ఎస్బెన్ వస్తాడు" అంది వీబెకె, రొట్టె చీలుస్తూ. "అంతలో తేల్చుకుందాం."

"తేల్చుకునేదేముంది?" అన్నాడు మోగెన్స్. "అటు చూడు, ఇటు చూడు. ఒకటి పెళ్ళికూతురు, ఒకటి ఆటలమ్మ పోసిన పిల్ల. నీకు కళ్ళజోడు కావాలంటే నెత్తి మీదుంది."

వీబెకె కళ్ళజోడు దింపి పెట్టుకుంది. రెండు కుర్చీలూ కిటికీ కింద పక్కపక్కనే ఉన్నాయి. చూడకూడదనుకున్నా చూపు అటే పోతోంది.

"ఒకటి ఆలోచించు మోగెన్స్. కుర్చీ అంటే తలుపు కాదు. తలుపుకి కొడితే కొట్టిందంతా తలుపుకే పడుతుంది. కుర్చీ అంతా సందులే. ఎస్బెన్ స్ప్రే గన్ను గాలి అంత జోరుగా కొడితే, కమ్మికి పట్టింది సగమైతే సందులోంచి పోయి గోడకి పట్టింది సగం. నిన్న గోడ చూశావా?"

"గోడ కూడా బానే మెరుస్తోంది."

"టర్బైను అలా కాదు. గాలి మెత్తగా వస్తుంది. వార్నిష్ చెదిరిపోకుండా కమ్మి చుట్టూ కూర్చుంటుంది. నిదానం, నిజమే. చిక్కటి వార్నిష్ లాగలేదు, కొంచెం పల్చన చెయ్యాలి, అదీ నిజమే. కానీ మనం రోజుకి వంద కుర్చీలు కొట్టం కదా."

"ఇదంతా వినడానికి బావుంది. కానీ కుర్చీ చూడ్డానికి బాగోలేదే, ఏం చేద్దాం?" అని మోగెన్స్ జాము గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. "మా బావమరిది కార్లకి రంగు కొడతాడు. ఆస్లౌ మిషను వాక్యూం క్లీనరులా ఉందంటే నవ్వాడు. 'దాంతో ముందు ఇల్లు ఊడవండి, తర్వాత కుర్చీ సంగతి చూద్దాం' అన్నాడు."

వీబెకె మనసులో కొరుకుతున్నది గోడ కాదు. ఎస్బెన్ సామగ్రి అంటే గన్ను ఒక్కటే కాదు. కావలసినంత గాలి ఇచ్చే కంప్రెసరు మంచమంత ఉంటుంది. దానికి వేరే కరెంటు లైను వెయ్యాలి. గాలిలో తేమ వార్నిష్‌లోకి పోకుండా గొట్టానికి వడకట్టు పెట్టాలి. ఎగిరే వార్నిష్ పీల్చడానికి గోడంత ఫ్యాను పెట్టాలి. ఇదంతా పెట్టడానికి ఆ కార్ఖానాలో ఒక్కటే చోటు ఉంది, ఉత్తరపు గది. అది రాగ్నిల్ సబ్బు గది. రాతి తొట్టి, ఇత్తడి కుళాయి, అంచు నల్లబడిన పెద్ద గిన్నె, తాడు మీద ఆరేసిన గుడ్డలు. ఊరి పత్రికలో ఒకసారి ఆ గదీ, ఆ గిన్నె ముందు రాగ్నిలూ ఫోటోగా వచ్చారు. ఆ ఫోటో తోర్కిల్ చట్రం కట్టించి గుమ్మం పైన పెట్టాడు. వచ్చిన కొనుగోలుదారులందరికీ అది చూపించి "మా చెల్లికి సబ్బంటే ప్రాణం" అనేవాడు. ఆ గది కూల్చమని వీబెకె ఏ నోటితో అంటుంది? రెండేళ్ళనుంచీ స్ప్రే మాట వచ్చినప్పుడల్లా "వచ్చే ఏడు చూద్దాం" అని దాటేసిందంటే ఆ గది కోసమే.

రాగ్నిల్ మాత్రం బల్ల చివర కూర్చుని రొట్టెకి వెన్న రాస్తోంది. గోడకి సున్నం వేసినట్టు, అంచు వదలకుండా, నింపాదిగా.

"అత్తా, నువ్వేమంటావు?"

"తిననీ."

"సరే, చేతులెత్తండి" అన్నాడు మోగెన్స్, తన చెయ్యి అప్పుడే పైన పెట్టి. "పెద్ద మిషనుకి?"

వీబెకె లేచింది. చెయ్యెత్తడానికి కాదు. ఓడిన మనిషి ఊరికే కూర్చోలేదు కదా, వెళ్ళి గుంటల కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. నిన్న కొట్టింది తన చేత్తో. దూరం ఎక్కువైందా? చెయ్యి ఆగిందా? గన్ను మూత సరిగ్గా బిగించలేదా? గోటితో ఒక గుంట అంచు గీరింది. వార్నిష్ లేచింది. ఇంకొంచెం లాగింది. కాచిన పాల మీద మీగడ తీసినట్టు, పొడుగ్గా, పొరగా వచ్చేసింది.

అక్కడ ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

గన్ను తప్పులు ఆవిడకి తెలుసు. దగ్గరగా కొడితే కారుతుంది. దూరంగా కొడితే గరుకుగా, ఇసక చల్లినట్టుంటుంది. సూది మూసుకుపోతే ఉమ్మినట్టు ఉమ్ముతుంది. కానీ చెక్కని అసలు పట్టుకోకుండా ఊడిరావడం ఏ గన్ను తప్పూ కాదు. అది చెక్క సంగతి.

కుర్చీని బోర్లా తిప్పింది. సీటు కింద వార్నిష్ పడని చోట బొటనవేలు నాకి, గట్టిగా రుద్దింది.

వేలు సర్రున జారింది.

ఇంకోసారి నాకి రుద్దింది. జారింది, పైగా సన్నగా నురుగు లేచింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే చిన్నప్పటి వాసన. బడి నుంచి వచ్చి ఆ రాతి తొట్టి గట్టు మీద కూర్చుని కాళ్ళూపుతూ, రొట్టె తింటూ, పీల్చిన వాసన.

పక్కనున్న ఎస్బెన్ కుర్చీ బోర్లా తిప్పింది. బొటనవేలు నాకింది, రుద్దింది. వేలు చెక్కని పట్టుకుని ఆగింది. తడి మచ్చ నల్లగా ఇంకిపోయింది. పచ్చి చెక్క, శుభ్రమైన చెక్క.

"ఏం చేస్తున్నావు? కుర్చీలు రుచి చూస్తున్నావా?" అన్నాడు మోగెన్స్.

వీబెకె లేచి బల్ల దగ్గరికి వచ్చింది. మోకాళ్ళకి అంటిన పొట్టు కూడా దులుపుకోలేదు.

"అత్తా. నిన్న ఆ కుర్చీకి సబ్బు పెట్టావా?"

"పెట్టాను" అంది రాగ్నిల్, నములుతూనే. "జావ కాదులే, పల్చటి సబ్బునీళ్ళు. ఒక్కసారి తుడిచానంతే."

మోగెన్స్ చెయ్యి దింపాడు. ఇంకా గాలిలోనే ఉందని అప్పుడు గుర్తొచ్చింది పాపం.

వీబెకెకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. వాళ్ళ నాన్నదీ అంతే. "వార్నిష్ కొట్టే కుర్చీకి సబ్బు తగలకూడదని నీకు తెలియదా? సబ్బులో కొవ్వుంటుంది, దాని మీద వార్నిష్ నిలవదని నాకు చెప్పింది నువ్వే కదా."

"నేనే చెప్పాను."

"మరెందుకు తుడిచావు? మిషను ఇష్టం లేకపోతే నా మొహం మీద చెప్పొచ్చుగా! ఏ మిషను వచ్చినా ఆ గదికి పని పోతుందని బాధగా ఉంటే ఆ మాట అనొచ్చుగా. నీకోసమని రెండేళ్ళు ఆగాను నేను. ఇంకో రెండేళ్ళు కూడా ఆగేదాన్నేమో. కానీ ఇలా పందెం చెడగొట్టి, నా చేతిలో పని లేదని నన్ను నేనే తిట్టుకునేట్టు..."

"ఆగవే" అంది రాగ్నిల్. రొట్టె పళ్ళెంలో పెట్టేసింది. "ఏ గది?"

"సబ్బు గది."

"దానికోసం ఆగావా? రెండేళ్ళు?"

"మరి దేనికోసం ఆగాననుకున్నావు?"

"చేతిలో డబ్బాడక ఆగావనుకున్నాను. పాపం పిల్ల చెప్పుకోలేక దాటేస్తోంది, అడిగితే చిన్నబుచ్చుకుంటుందని నేను నోరు మూసుకున్నాను."

వీబెకె ఫ్లాస్కు మూత తీసి, కాఫీ పొయ్యకుండానే మళ్ళీ బిగించింది.

రాగ్నిల్ రెండు చేతులూ బల్ల మీద బోర్లా పెట్టింది, తర్వాత వెల్లకిలా తిప్పింది. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం ఎండాకాలం చెరువు మట్టిలా నెర్రెలు ఇచ్చి ఉంది. ఆ చేతులు వీబెకె రోజూ చూసేవే. రోజూ చూసేదే కదా మనకి కనపడనిది.

"చలికాలం రాత్రి ఇవి మండితే వెన్న రాసుకుని మేజోళ్ళు తొడుక్కుని పడుకుంటాను. కాళ్ళకి కాదే, చేతులకి. సబ్బంటే నాకు ప్రాణమని నీకెవరు చెప్పారు?"

"నాన్న..."

"మీ నాన్న కొనేవాళ్ళకి చెప్పాడు. మీ నాన్న చెక్క గురించి చెప్పింది వేదం, మనుషుల గురించి చెప్పింది అమ్మకం. ఒకసారి పత్రికలో పడ్డాక ఇంక నేనేం కాదంటాను? ఆ ఫోటోలో నవ్వాను చూడు, పన్ను నొప్పి ఆరోజు."

మోగెన్స్ పకపకా నవ్వాడు. తర్వాత వీబెకె మొహం చూసి దగ్గుగా మార్చేశాడు.

"అయితే కుర్చీ ఎందుకు తుడిచావు?" అంది వీబెకె. ఈసారి గొంతులో కోపం లేదు, అయోమయం.

"ఎందుకేమిటే! ఎస్బెన్ వస్తున్నాడు. పరాయివాడు. కుర్చీ కాళ్ళ మీద నీ పెన్సిలు గీతలు, సీటు మీద ఈ మోగెన్స్ కాఫీ వేళ్ళ మచ్చలు. మొహం కడగని పిల్లని చుట్టాల ముందు నిలబెడతామా? చేతిలో తడిగుడ్డ ఉంది, తుడిచేశాను. తుడిచినట్టు నాకే గుర్తులేదు, ఇప్పుడు నువ్వడిగితే గుర్తొచ్చింది. ఇన్నేళ్ళుగా నా చేతిలోకి వచ్చిన చెక్కల్లో తుడవకుండా పంపింది ఒక్కటి లేదు. చెయ్యి నన్నడిగి చేస్తుందా?"

"మరి రెండోది ఎందుకు తుడవలేదు?"

రాగ్నిల్ గడ్డంతో మోగెన్స్‌ని చూపించింది. "దాని మీద ఈయన కూర్చుని ఉన్నాడు."

"నన్ను లెమ్మంటే లేచేవాణ్ణిగా!" అన్నాడు మోగెన్స్.

"కాఫీ టైములో నిన్ను లేపడం కంటే రేవులో ఓడని లేపడం తేలిక."

అదన్నమాట సంగతి. ఒక కుర్చీ గెలిచింది మోగెన్స్ కూర్చోబట్టి, ఒక కుర్చీ ఓడింది రాగ్నిల్ మర్యాద చెయ్యబట్టి. మిషన్లు రెండింటికీ అందులో ఏ పాపమూ పుణ్యమూ లేదు. ఆ పందెం చూసుకుని ఇంకాసేపట్లో సంతకం పెట్టేసేవాళ్ళు.

"ఇంకో కుర్చీ తీసుకురా" అంది వీబెకె. "చెయ్యి తగలనిది."

నిన్న జిగురు పెట్టి బిగించిన కుర్చీ ఒకటి బిగింపుల్లోనే ఉంది. మోగెన్స్ ఊడదీసి, గరుకు కాగితంతో రుద్ది, పొట్టు దులిపి, రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకొచ్చాడు, దొంగసొమ్ము పట్టుకున్నట్టు. రాగ్నిల్ దగ్గరికి రాబోతే "దూరం దూరం" అన్నాడు. ఆవిడ దూరం జరగలేదు. వెళ్ళి తొట్టి దగ్గర చేతులు ఉత్త నీళ్ళతో కడుక్కుని, పొడిగుడ్డతో తుడుచుకుని, ముక్కుకి ముసుగు కట్టుకుని వచ్చింది.

"నేను కొడతాను."

"నువ్వా?"

"ఇది పట్టుకుంటే నా చేతికి ఏ నీళ్ళూ తగలవుగా? మరి నేను కాక ఇంకెవరు పట్టుకోవాలి?"

అది నీళ్ళతో పల్చనయ్యే రకం వార్నిష్. వీబెకె అందులో కాసిని నీళ్ళు కలిపి, అడుగున చిల్లున్న చిన్న గిన్నెతో ముంచి ఎత్తి, ధార తెగడానికి ఎంతసేపు పడుతుందో చూసి, పల్చదనం సరిపోయిందనుకుని గన్నులో పోసింది. టర్బైను బుయ్యిమంది. లావాటి గొట్టంలోంచి గోరువెచ్చటి గాలి.

మొదటి కాలికే రాగ్నిల్ తప్పు చేసింది. గుడ్డ అలవాటున గన్ను చెక్కకి ఆనించినంత దగ్గరికి తీసుకుపోయింది, వార్నిష్ బొటబొటా కారింది.

"ముద్దు పెట్టుకోకండి దాన్ని, పలకరించండి చాలు" అన్నాడు మోగెన్స్.

"నువ్వు పలకరించినట్టైతే చెక్క పారిపోతుంది" అని ఆవిడ జానెడు వెనక్కి జరిగింది. వీబెకె ఆవిడ ముంజెయ్యి పట్టుకుని రెండు కమ్ములదాకా చూపించింది. చెయ్యి ఆపకూడదు, కమ్మి దాటాకే మీట వదలాలి. మూడో కమ్మి నుంచి అత్త ముంజెయ్యి వదిలేసింది. ముందు అడుగు, తర్వాత సందులు, ఆఖరికి వీపు. ఎటునుంచి ఎటు పోవాలో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ దారి గుడ్డతో ఎప్పుడో వేసేసుకుంది. వెనక గోడకి అడ్డం పెట్టిన అట్ట మీద సన్నటి మంచు పట్టినట్టుందంతే. నిన్న ఎస్బెన్ కొట్టినప్పుడైతే గోడ మీద కుర్చీ బొమ్మంతా దిగింది.

ఎస్బెన్ వచ్చేసరికి మొదటి పూత చేతికి అంటకుండా ఆరింది. గుంటలు లేవు. మొదటి కాలి మీద కారిన చార ఒకటుంది, అంతే. అతను కుర్చీని కిటికీ వైపు తిప్పి, వెలుతురుకి అడ్డంగా పెట్టి, చాలాసేపు చూశాడు. అమ్మేవాడైతేనేం, మంచివాడే.

"కుర్చీలకైతే నేనూ ఇదే ఇచ్చేవాణ్ణి" అన్నాడు. "ఇలాంటివి నా వ్యాన్లోనూ ఉన్నాయి."

"మరి నిన్న చెప్పలేదేం?" అంది వీబెకె.

"ఫోన్ చేసినాయన మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే పెద్దది తీసుకురమ్మన్నాడు."

ముగ్గురూ మోగెన్స్ వైపు చూశారు. మోగెన్స్ రొట్టె బుట్టలో ఏదో వెతుక్కున్నాడు.

"అయినా సరే, చేతులెత్తాలి" అన్నాడు కాసేపటికి. మనిషికి ఓటమి తెలుస్తున్నా ఒక్కసారి గుమ్మం పట్టుకుని వేలాడతాడు. "కట్టుబాటు కట్టుబాటే. రొట్టె ఇంకా బల్ల మీదే ఉంది. నా చెయ్యి పెద్దదానికే."

రాగ్నిల్ టర్బైను దగ్గరికి వెళ్ళింది. పిడి పట్టుకుని ఒంటిచేత్తో ఎత్తింది, గొట్టం గిట్టం వేలాడుతుండగానే. ఎత్తి, బల్ల చుట్టూ నడిచి, మోగెన్స్ పళ్ళెం పక్కన పెట్టింది.

"ఒక్కరు ఎత్తలేనిదైతే చేతులెత్తాలన్నాడు మా అన్న" అంది. "ఇది నేనెత్తాను. ఇంక నీ చెయ్యి దింపుకుని కాఫీ తాగు."

మోగెన్స్ ఆ మిషనుని చూశాడు, ఆవిడని చూశాడు. చెయ్యి దింపి, ఆవిడ కప్పు తీసుకుని కాఫీ నింపి ముందుకు జరిపాడు. క్షమాపణ అంటే అతనికి తెలిసింది అదొక్కటే.

ఎస్బెన్ కంప్రెసరు కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, చిన్న మిషను కాగితాలు తెస్తానని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, చెప్పులో రాయి తీసుకుంటున్నంత మామూలుగా, "అన్నట్టు, బడి కుర్చీలన్నీ పచ్చి చెక్కే కదా? నూనె గీనె ఏం తగల్లేదుగా?" అన్నాడు.

"తగల్లేదు" అంది వీబెకె. "చేసినవి చేసినట్టు పైన అటక మీద పేర్చాం. సగానికి పైనే అయ్యాయి. ఎవరూ ముట్టుకోలేదు."

అతను వెళ్ళాడు. వీబెకె రొట్టె ముక్క తుంచి నోట్లో పెట్టుకోబోయి, అత్త వైపు చూసింది. అత్త కాఫీ తాగడం లేదు. కప్పు పట్టుకుని అటక మెట్ల వైపు చూస్తోంది.

"అత్తా."

"బడి పెద్దావిడ వచ్చింది కదే మొన్న" అంది రాగ్నిల్ నెమ్మదిగా. "కుర్చీలు ఎలా వస్తున్నాయో చూస్తానని."

"వచ్చింది. అయితే?"

"అటక మీద దుమ్ము కదా. అంత పెద్దమనిషి చూడ్డానికి వస్తోందంటే..."

మోగెన్స్ కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. "అన్నీనా?"

"చెప్పానుగా, చెయ్యి నన్నడగదు. ముందు వరసలు తుడిచినట్టు గుర్తుంది. వెనక వరసలు అందవు, అటు వెళ్ళలేదనుకుంటా." ఆగి, "అనుకుంటా" అంది మళ్ళీ.

వీబెకె అప్పటికే మెట్లెక్కుతోంది. అటక మీద కప్పుకి బిగించిన అద్దంలోంచి ఎండ పడుతోంది. కుర్చీలు ఒకదాని మీదొకటి బోర్లించి, వరసలుగా, తెల్లగా, చూడముచ్చటగా ఉన్నాయి. మొదటిదాని కాలి మీద బొటనవేలు నాకి రుద్దింది. జారింది. రెండో వరస. జారింది. ఒక్కో కమ్మి చేత్తో రుద్ది మళ్ళీ పచ్చి చెక్క చెయ్యాలంటే ఎన్నాళ్ళు పడుతుందో లెక్క వేసుకోకుండా ఆవిడ ఒంగి, వాసం కిందనుంచి, వెనక వరసకి దారి చేసుకుంది.

"వెనకవి ఎలా ఉన్నాయి?" కిందనుంచి మోగెన్స్ అరిచాడు.

వీబెకె బొటనవేలు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. ఇంక దాన్ని తడపాల్సిన పని లేదు. గోడకి ఆనుకుని ఉన్న ఆఖరి కుర్చీ కమ్మి మీద, నీటుగా నాలుగు మడతలు పెట్టి, రాగ్నిల్ సబ్బు గుడ్డ ఆరేసి ఉంది.